70 మెట్లు, 9 ఎక్స్‌టెన్షన్ బోర్డులు: ఒక ఇంటి కేస్ స్టడీ

ఉన్న ఇళ్లను లోపల మార్చిపెట్టడం నా పని. గోడలు జరపడం తక్కువ. తలుపు ఎటు తెరుచుకోవాలి, పాయింట్ ఎక్కడ రావాలి, కుళాయి ఎంత ఎత్తులో ఉండాలి, ఇలాంటివే ఎక్కువ. ఈ కేసు రాయడానికి కారణం, ఇందులో నేనిచ్చిన మొదటి సలహా తప్పింది. గోడ పగలగొట్టకముందే బయటపడింది కాబట్టి నష్టం పెద్దగా లేదు. ఇంటివాళ్లు ఎవరో తెలిసే వివరాలన్నీ తీసేశాను. కొలతలు మాత్రం నా పుస్తకంలో రాసుకున్నవే.

నేపథ్యం

రెండంతస్తుల ఇల్లు, కట్టి 11 ఏళ్లు. భార్యాభర్తలు, స్కూలుకెళ్లే ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. కింద హాలు, వంటగది, పెద్దావిడ గది, వంటగది వెనక వాష్ ఏరియా. పైన మూడు పడకగదులు, రెండు బాత్రూములు, వెనకవైపు పాత సామాన్లతో నిండిపోయిన బాల్కనీ. ఆ పైన డాబా, దాని మీద నీళ్ల ట్యాంకు. వాషింగ్ మెషీన్ కింద వాష్ ఏరియాలో ఉంటుంది. బట్టలు ఆరేసేది డాబా మీద.

నన్ను పిలిచింది బట్టల గురించి కాదు. హాల్లో ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు కాలింది. మంట రాలేదు కానీ తెల్ల ప్లాస్టిక్ మీద, ప్లగ్గు దూరే రంధ్రాల చుట్టూ తేనెరంగు మచ్చ పడింది. విప్పి చూస్తే లోపలి ఇత్తడి రేకు నల్లబడి ఉంది. అంతకు నెల ముందు పెద్దావిడ తన గదిలో నేల మీద పాకుతున్న వైరు కాలికి తగిలి పడ్డారు. మోచేయి వాచింది, అంతటితో పోయింది.

"మాకు పాయింట్లు చాలట్లేదు మేడమ్. ఇంకో పాతిక పెట్టించెయ్యండి. ఎలాగూ గోడలు కొడతారు కదా, పైన ఒక లాండ్రీ రూం కూడా వచ్చేలా చూడండి" అన్నారు ఇంటావిడ.

కోరికలు రెండూ సబబైనవే. కాకపోతే జబ్బేమిటో చెప్పకుండా మందు పేరు చెప్పినట్టుగా ఉన్నాయి. పాతిక ఎందుకు, పది ఎందుకు కాకూడదు అంటే వాళ్ల దగ్గర జవాబు లేదు. నిజానికి నా దగ్గరా లేదు. అందుకే ప్లాను గీయకుండా వారం గడువు అడిగాను.

వారం లెక్క

మెషీన్ మూత మీద ఒక కాగితం అంటించాను. ఎవరు వేశారు, ఎన్నింటికి, బట్టలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎక్కడ ఆరాయి, ఎక్కడ మడతపెట్టారు, అంతే. రెండో పని రాత్రి పదింటికి. ఇల్లంతా తిరిగి, ఏ వస్తువు ఏ సాకెట్‌లో ఉందో అక్కడ చిన్న స్లిప్పు అంటించాలి. ఇది పిల్లలకు అప్పగించాను. పెద్దవాళ్లు ఇలాంటి పని మూడో రోజుకే వదిలేస్తారు, పిల్లలు వదలరు.

వారంలో 9 సార్లు మెషీన్ తిరిగింది. ఐదుగురిలో నలుగురి బట్టలు పైఅంతస్తులో విడుస్తారు. అక్కడి నుంచి 17 మెట్లు కిందికి, హాలు దాటి, వంటగది దాటి వాష్ ఏరియాకి. ఉతికాక అవే 17 మెట్లు పైకి, ఇంకో 18 ఎక్కితే డాబా. ఆరాక ఆ 18 దిగి పైఅంతస్తులో బీరువాలోకి. ఒక విడతకి 70 మెట్లు, వారానికి 630, చేతిలో బుట్టతో. పైగా వాటిలో ఎక్కేవన్నీ తడిబట్టలతోనే. ఒక విడతను ఒళ్లు చూసుకునే కాటా మీద పెట్టి తూచాం. మెషీన్‌లో వేసేటప్పుడు 5.2 కిలోలు, పిండి బయటికొచ్చాక 8.1 కిలోలు. మెషీన్ పిండాక కూడా పొడిబట్టల బరువులో సగానికి పైగా నీళ్లు మిగిలే ఉన్నాయి. ఈ 2.9 కిలోల అంకె తర్వాత ఇంకోచోట పనికొచ్చింది.

స్లిప్పుల లెక్క ఇంకా ఆసక్తిగా తేలింది. ప్లగ్గు పెట్టిన వస్తువులు 41. ఎక్స్‌టెన్షన్ బోర్డులు 9. గోడల్లో ఉన్న సాకెట్లు 34.

"మా ఇంట్లో ఇన్ని ప్లగ్గులున్నాయా?" అన్నారాయన. ఉన్నాయి. కాకపోతే వాటిలో 9 సాకెట్లు బీరువాల వెనక, సోఫా వెనక, మంచం తలాపు వెనక ఇరుక్కున్నాయి. 3 తలుపు తెరిస్తే తలుపు చాటుకు పోతాయి. చేతికి అందేవి 22 మాత్రమే. వైరింగ్ చేసిన రోజున ప్లానులో మంచం ఒక గోడకు ఉంది, కాపురం మొదలయ్యాక మంచం ఇంకో గోడకు చేరింది. ఈ ఇంట్లో కొరత సంఖ్యలో లేదు, చోటులో ఉంది. పాతిక కొత్త పాయింట్లు పెట్టినా పాత పద్ధతిలోనే పెడితే ఐదారేళ్లలో మళ్లీ ఇదే కథ.

బోర్డు ఎందుకు కాలింది

ఇది తేలకుండా ముందుకు కదలకూడదనుకున్నాను. ఆ బోర్డులో రూమ్ హీటర్, ఇస్త్రీ పెట్టె రెండూ పెట్టేవారట. టీవీ చూస్తూ హాల్లో ఇస్త్రీ చేయడం ఇంటావిడ అలవాటు. హీటర్ 2,000 వాట్లు, ఇస్త్రీ పెట్టె 1,200. కలిపి 3,200 వాట్లు. 230 వోల్టుల దగ్గర దాదాపు 14 ఆంపియర్లు. ఆ బోర్డు 6 ఆంపియర్లది. దాని వైరు పొడుగెక్కువైందని చుట్టచుట్టి రబ్బరు బ్యాండ్ వేసి పెట్టారు. చుట్టలో ఉన్న వైరుకు వేడి బయటికి పోయే దారుండదు.

"మరి ఎంసీబీ ఎందుకు పడలేదు?" అని ఆయన అడిగారు. ఈ ప్రశ్న నాకు ప్రతి ఇంట్లోనూ ఎదురవుతుంది. ఎంసీబీ అంటే కరెంటు హద్దు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్. ఆ గదికి ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ. 14 దాని లెక్కలో మామూలు. ఎంసీబీ కాపాడేది గోడలో ఉన్న వైరును. దానికి తగ్గట్టే దాని సైజు ఎంచుతారు. గోడ బయట మనం తగిలించిన సన్నటి వైరు సంగతి దానికి తెలీదు. ఎంసీబీ పడలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం, ఈలోపు బోర్డు లోపల ఉడుకుతూ ఉంటుంది.

నా మొదటి సలహా

మెషీన్‌ను పైకి తేవాలన్నది స్పష్టం. ఎక్కడికి అన్నదే ప్రశ్న. పైన పిల్లల బాత్రూములో ఒక మూల 70 సెంటీమీటర్ల గూడు ఖాళీగా ఉంది. నీళ్లున్నాయి, డ్రైన్ ఉంది, బట్టలు విడిచే చోటు అదే. కాగితం మీద ఇంతకన్నా మంచి చోటు లేదు. అదే చెప్పాను.

అదృష్టం కొద్దీ నాకో అలవాటుంది: గోడ ముట్టుకునే ముందు 10 రోజులు తాత్కాలికంగా నడిపించి చూస్తాను. నలుగురు కలిసి మెషీన్ పైకి మోశారు. పైపు తగిలించాం. డ్రైన్ హోస్ కొసను స్నానం జాలీ మీద నేలపైన పడేశాం. తాత్కాలికమే కదా అని.

మొదటి విడతే ఆగిపోయింది. నీళ్లు రావట్లేదని తెరమీద ఎర్రర్.

నాకు వెంటనే నీటి ఒత్తిడి మీద అనుమానం వచ్చింది. ట్యాంకు అడుగు నుంచి మెషీన్ కుళాయి వరకు టేపు పెట్టి కొలిస్తే 2.75 మీటర్లు. 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది కాబట్టి ఇక్కడ 0.27 బార్. మెషీన్ పుస్తకంలో కనీసం 0.5 అని ఉంది. కింద వాష్ ఏరియాలో ఒక అంతస్తు ఎత్తు కలిసొచ్చి 0.58 వచ్చేది. అందుకే ఇన్నేళ్లుగా ఇబ్బంది తెలియలేదు. లెక్క అచ్చంగా సరిపోయింది. ప్రెషర్ పంపు కొనమని చెప్పబోతున్నాను కూడా.

అప్పుడు వినిపించింది. మెషీన్ నీళ్లు పట్టుకుంటున్నానని చెబుతోంది, జాలీలో మాత్రం సన్నగా ధార పడుతున్న చప్పుడు. నేలకు వంగి చూస్తే హోస్ కొసలోంచి మంచినీళ్లు వస్తున్నాయి, సబ్బు వాసనైనా లేదు. పట్టిన నీళ్లు పట్టినట్టే పోతున్నాయి. డ్రమ్ములో నీళ్లు నిలవాలంటే డ్రైన్ హోస్ ఎక్కడో ఒకచోట లోపలి నీటిమట్టం కంటే ఎత్తుకు లేచి దిగాలి. కొస నేల మీదుంటే సైఫన్ పట్టి మొత్తం లాగేస్తుంది. మామూలుగా ఈ ఎత్తు 60 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య ఉండాలంటారు. అంతకు మించితే మెషీన్ పంపు ఎత్తలేదు. హోస్‌ను 80 సెంటీమీటర్ల దగ్గర కొక్కేనికి వేలాడదీశాక నీళ్లు నిలిచాయి.

అయితే ఒత్తిడి అనుమానం తప్పా? కాదు. రెండు జబ్బులు ఒకే లక్షణంతో వచ్చాయి. హోస్ సరిచేశాక కూడా నీళ్లు నిండటానికి 9 నిమిషాలు పట్టేది, ఆ సమయంలో పక్క బాత్రూములో ఎవరైనా షవర్ తిప్పితే మళ్లీ అదే ఎర్రర్. ఒకటి దొరికిందని రెండోది కొట్టిపారేసి ఉంటే పని అంతా అయ్యాక తల పట్టుకునేవాళ్లం.

పంపు పెడితే ఇది తీరుతుంది. ఆ బాత్రూముకి చావుదెబ్బ వేరేది. మెషీన్ నిలబడిన గోడ 10 సెంటీమీటర్ల పలుచటి గోడ, దాని అవతల అమ్మాయి మంచం. స్లాబు మధ్యభాగం కూడా అదే. స్పిన్‌కి వచ్చేసరికి పుస్తకాల అరలో పెన్నుల డబ్బా గలగలమనేది. మూడో రాత్రికి అమ్మాయి దిండు పట్టుకుని అమ్మ గదికి వెళ్లిపోయింది. దానికి తోడు పొద్దున్న ఏడింటికి స్నానమూ ఉతుకూ ఒకే గదికి పోటీ. తడి నేల పక్కన సాకెట్ పెట్టడానికి ఎలక్ట్రీషియన్ మొదటి నుంచీ ముఖం చిట్లిస్తూనే ఉన్నాడు, అతనిదే నిజం. ఐదో రోజున మెషీన్‌ను బయటికి లాగించాను.

రెండో ఆలోచన, అది వాళ్లది

పైన గదుల మధ్య నడవాలో ఒక గూడు కట్టి, జారుడు తలుపులు పెట్టి అందులో మెషీన్ దాచేద్దామని ఆయన అన్నారు. ఎక్కడో ఫొటో చూశారు. చూడ్డానికి బాగుంటుంది, అన్ని గదులకూ సమదూరం.

నేను ఒప్పుకోలేదు. కారణం ఒక్క లెక్క. అక్కడి నుంచి దగ్గర్లోని నిలువు డ్రైన్ పైపుకు 4.6 మీటర్లు. వాడిన నీళ్లు నిలవకుండా పారాలంటే 40కి 1 వాలు ఉండాలి, అంటే మీటరుకు రెండున్నర సెంటీమీటర్లు. మొత్తం పదకొండున్నర సెంటీమీటర్ల దిగువ కావాలి. టైలు కింద మనకున్నది 5 సెంటీమీటర్లు. మిగిలిన దారులు రెండు: నడవాలో నేల ఎత్తు పెంచి మెట్టు చేయడం, లేదా స్లాబుకు రంధ్రం కొట్టి హాలు సీలింగ్ కింద పైపు నడపడం. మొదటిది రోజుకు పదిసార్లు కాలికి తగిలేది. రెండోది ఏదో ఒక రోజు సోఫా మీద కారేది. నీళ్ల పైపు హోస్ పగిలితే నడవాలో చేరిన నీళ్లు పోవడానికి జాలీ కూడా ఉండదు. పైఅంతస్తులో మెషీన్ అంటే నేను అన్నిటికన్నా ముందు చూసేది ఇదే: హోస్ పగిలిన రోజు నీళ్లు ఎటు పోతాయి?

ఆయన రెండు రోజులు అలిగారు. ఫొటోలో డ్రైన్ పైపు కనిపించదు, నన్నేం చేయమంటారు.

పనిచేసింది

జాలీ ఎక్కడుంది, నిలువు పైపు ఎక్కడుంది అని వెతుక్కుంటూ ఇంటి వెనక్కి వెళ్లి, కింద నిలబడి పైకి చూశాను. ఆ పని మొదటి రోజే చేయాల్సింది. కింది వాష్ ఏరియాకి సరిగ్గా పైన వెనక బాల్కనీ ఉంది. డ్రైన్ పైపు, ట్యాంకు నుంచి దిగే నీళ్ల పైపు రెండూ దాని అంచునే పోతున్నాయి. పాత సైకిలు, విరిగిన కుర్చీలు, పెయింట్ డబ్బాలు ఉండటంతో బాల్కనీని ఇంట్లో భాగంగా ఎవరూ లెక్కపెట్టలేదు. నా స్కెచ్‌లో కూడా అక్కడ 'సామాన్లు' అని రాసి ఉంది.

బాల్కనీ 3.6 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు. నిలువు పైపుకు 1.4 మీటర్లు, కావాల్సిన వాలు మూడున్నర సెంటీమీటర్లు. టైలు కిందే సరిపోయింది. నేల గది కంటే 2 సెంటీమీటర్లు దిగువన ఉంది, జాలీ ఉంది. వెనక 23 సెంటీమీటర్ల మందపు గోడ, దాని కింద బీమ్. అదురు తగ్గడానికి ఈ రెండూ చాలు.

మెషీన్ ఎటు తిరిగి ఉండాలన్న దాని మీద ఒక సాయంత్రం పోయింది. పొడవు గోడకు ఆనిస్తే మెషీన్ లోతు 60, వెనక పైపులకు 12, మొత్తం 72 సెంటీమీటర్లు పోయి ముందు 78 మిగులుతుంది. తలుపు తెరిచి, వంగి, పక్కన బుట్ట పెట్టుకోవడానికి అది చాలదు. సుద్దముక్కతో నేల మీద గీసి ఇంటావిడను వంగి చూడమన్నాను. వెన్ను పిట్టగోడకు తగిలింది. పొట్టి గోడకు వీపు పెట్టి, బాల్కనీ పొడవు వైపు ముఖం తిప్పాం. ముందు రెండున్నర మీటర్లకు పైగా చోటు, పక్కన 90 సెంటీమీటర్లలో చిన్న సింకు.

మళ్లీ 10 రోజుల ట్రయల్. ఈసారి హోస్ కొక్కేనికే వేలాడింది. అమ్మాయి తన గదిలోనే పడుకుంది.

నీళ్ల సంగతి: పైపు లావు చేస్తే ఒత్తిడి పెరుగుతుందని ప్లంబర్ వాదించాడు. కుళాయి మూసి ఉన్నప్పుడు ఒత్తిడి ఎత్తును బట్టే ఉంటుంది, పైపు లావును బట్టి కాదు. లావు పైపు వల్ల పారేటప్పుడు పోయే నష్టం తగ్గుతుంది, పక్క షవర్ దెబ్బ తగ్గుతుంది. అందుకని రెండూ చేశాం. ట్యాంకు నుంచి ఈ మెషీన్‌కి మాత్రమే విడిగా ఒక లైను, ఆ లైను మీద డాబాపైన చిన్న పంపు, దాని కింద రబ్బరు దిమ్మె. నిండే సమయం 9 నిమిషాల నుంచి 3 లోపుకి వచ్చింది. డ్రైన్‌కి 50 మిల్లీమీటర్ల నిలువు పైపు, పైకొస 75 సెంటీమీటర్ల ఎత్తులో, అడుగున వాసన రాకుండా నీళ్లు నిలిచే ట్రాప్. హోస్ ఆ పైపులోకి వదులుగా దూరాలి. చుట్టూ టేపు వేసి బిగిస్తే గాలి ఆడక మళ్లీ సైఫన్ పడుతుంది. మేస్త్రీ నీటుగా ఉంటుందని సిలికాన్ పూయబోతుంటే ఆపాను.

కరెంటుకు మీటర్ బోర్డు నుంచి విడి లైను. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి సొంత 16 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్). ఎలక్ట్రీషియన్ సాకెట్‌ను మెషీన్ వెనక, కుళాయికి సరిగ్గా కింద మార్క్ చేశాడు. కనబడదు, అందంగా ఉంటుందని. కుళాయి ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది. కారితే ఎక్కడ పడుతుంది? పైగా ఏదైనా తేడా వస్తే ప్లగ్గు తీయడానికి 70 కిలోల మెషీన్‌ను జరపాలి. సాకెట్‌ను పక్క గోడ మీద 120 సెంటీమీటర్ల ఎత్తుకు, కుళాయికి దూరంగా మార్పించాను.

చివరి గొడవ అద్దాల గురించి. బాల్కనీకి అద్దం తలుపులు బిగించి గది చేసేద్దామన్నారు. ఇక్కడే 2.9 కిలోల అంకె తీశాను. వారానికి 9 విడతలంటే దాదాపు 26 లీటర్ల నీళ్లు బట్టల్లోంచి గాల్లోకి పోవాలి. మూసేస్తే ఆ నీళ్లు పోయే చోటు పక్కనున్న పడకగది గోడే. బూజు పట్టాక మళ్లీ నన్నే పిలుస్తారు. గ్రిల్లు ఉంచాం, జల్లు పడకుండా పైన రేకు దించాం, కిందికి దించి పైకి లాగే తాళ్ల హ్యాంగరు బిగించాం. దుప్పట్లు మాత్రం ఇప్పటికీ డాబాకే వెళ్తాయి.

కాగితపు పాయింట్లు

సాకెట్ల విషయంలో నేను చేసింది చాలా చిన్న పని. స్విచ్‌బోర్డు సైజులో 31 కాగితం ముక్కలు కత్తిరించి, నాకు తోచిన చోట్ల గోడలకు అంటించి, రెండు వారాలు అలాగే వదిలేశాను. ఎవరికి ఇష్టమున్నట్టు వాళ్లు పీకి వేరేచోట అంటించుకోవచ్చు. ఒక్కటే షరతు: చేతిలో ఆ వస్తువు పట్టుకుని ఉన్నప్పుడే జరపాలి. కుర్చీలో కూర్చుని ఊహించి జరపకూడదు.

రెండు వారాల తర్వాత 11 కదిలాయి. 12 ఎవరూ వాడలేదని వాళ్లే పీకేశారు. ఇస్త్రీ కాగితం హాల్లోంచి పైన బట్టల బీరువా పక్కకు పోయి, 30 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తుకు ఎక్కింది. సాకెట్ కిందుంటే ఇస్త్రీ పెట్టె వైరు బల్ల అంచుకు రాసుకుంటూ చొక్కాను లాగుతుంది, పైనుంటే వైరు గాల్లో ఉంటుంది. ఈ సంగతి నాకు ఆవిడే చెప్పారు. హీటరుకు దాని సొంత పాయింట్ వచ్చింది. ఇక ఆ రెండూ ఒక బోర్డులో కలిసే పని లేదు.

పెద్దావిడ కాగితం కథ వేరు. మంచం పక్కన నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో నేను అంటించినది మర్నాటికి 75కి చేరింది. వంగలేరు. పడుకునే చేయి చాస్తే అందాలి. ఇన్నాళ్లూ ఆవిడ ఎదురుగోడ నుంచి వైరు లాక్కున్నది మంచం దగ్గరున్న పాత పాయింట్ తలాపు వెనక ఇరుక్కుపోవడం వల్లే.

రౌటరు, కెమెరా లాంటివి ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంటాయి, చేతితో ముట్టుకునే పనుండదు. వాటిని బీరువాల పైకి, తలుపుల పైకి పంపాం. చేతి ఎత్తులో ఉన్న సాకెట్లలో 6 ఇలా ఖాళీ అయ్యాయి, గోడ కొట్టాల్సిన అవసరం చాలాచోట్ల తప్పింది. వాక్యూమ్ క్లీనర్ వైరు 5 మీటర్లుంటే నడవాలో ఒక్క పాయింట్ పైఅంతస్తు మొత్తానికి సరిపోతుంది.

అమెరికా వైరింగ్ కోడ్‌లో గోడ వెంట ఏ చోటైనా సాకెట్‌కు 6 అడుగులకు మించి దూరం ఉండకూడదని ఉంది. లాంపుల వైర్ల పొడవును దృష్టిలో పెట్టుకున్న నియమం అది. మంచి నియమమే, కానీ దూరాన్నే చూస్తుంది. ముందు బీరువా నిలబడితే 6 అడుగులున్నా ఒకటే, 2 అడుగులున్నా ఒకటే. అందుకే నేను గోడ మధ్యలో కాకుండా రెండు చివర్లా పెడతాను. మంచం, సోఫా మధ్యకు వస్తాయి, చివర్లు మిగులుతాయి. బీరువా ఖాయంగా ఉండే గోడకు అసలు పెట్టను.

గాడి కొట్టడంలో ఒక్క జాగ్రత్త. 10 సెంటీమీటర్ల గోడలో నిలువు గాడి మందంలో మూడోవంతుకు, అడ్డ గాడి ఆరోవంతుకు మించకూడదన్నది మేం పాటించే లెక్క. అంటే అడ్డంగా 16 మిల్లీమీటర్లే. కరెంటు పైపు అందులో పట్టదు. అందుకని ప్రతి పాయింట్‌కీ పైనుంచి నిలువుగానే దిగాం. పైపు ఎక్కువైంది, గోడ మిగిలింది.

చివరికి కొత్తవి 14, జరిపినవి 5. అడిగింది 25. హాలు మధ్యలో నేల సాకెట్ ఒకటి నేనే పట్టుబట్టి పెట్టించాను. అది తప్పు. తుడిచిన ప్రతిసారీ మూత చుట్టూ నీళ్లు, మూత తెరిస్తే దుమ్ము. రెండో నెలలో సప్లై తీసేసి టేపు వేశాం.

మూడు నెలల తర్వాత

ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒక్కటి మిగిలింది, అబ్బాయి గదిలో. గోడలకు రంగు ఆరిన పది రోజులకే వాడు చదువుకునే బల్లను కిటికీ వైపు తిప్పేశాడు. నేనేం అనలేదు. వెలుతురు అక్కడే బాగుంది.

ఇంటావిడ చూపించిన బట్టల లెక్కలో మెట్లు దాదాపు లేవు. ప్లంబర్‌కి మాత్రం ఒకసారి రావాల్సి వచ్చిందట, పంపు దగ్గర జాయింటు కారి. ఉతుకు అయ్యాక కుళాయి కట్టేయండి, రబ్బరు హోసులు ఐదేళ్లకోసారి మార్చండి అని గోడ మీద మార్కర్‌తో రాసిపెట్టాను.

వెళ్లబోతూ కింద వాష్ ఏరియా ఎలా వాడుతున్నారో చూద్దామని అటు వెళ్లాను. మెషీన్ ఉన్న చోట ఖాళీ. నీళ్ల పైపు నుంచి గ్రిల్లు వరకు ఒక నైలాన్ తాడు కట్టి ఉంది. దాని మీద రెండు నూలు చీరలు, ఒక తువ్వాలు. కింద బకెట్లో నానుతున్నవి ఇంకొన్ని. పక్కన పొట్టి స్టూలు.

"నేను పైకి ఎక్కలేను కదమ్మా" అన్నారు పెద్దావిడ. "రోజూ రెండు బట్టలకి పిల్లల్ని పిలవడమెందుకని."

మెషీన్ కింద ఉన్నప్పుడు కూడా ఆవిడ సగం బట్టలు చేత్తోనే ఉతుక్కునేవారట. మిగతా సగం ఎవరికీ చెప్పకుండా ఏదో ఒక విడతలో వేసేవారు. ఇప్పుడు మొత్తం బకెట్లోకి వచ్చాయి. నేను అంటించిన కాగితం మెషీన్ మూత మీద ఉంది. మెషీన్‌లో పడని బట్టలు ఆ లెక్కలోకి ఎలా వస్తాయి? నలుగురి దారి 70 మెట్లు తగ్గించి, ఐదో మనిషి ముందు 17 మెట్లు పెట్టాను.

మర్నాడు ప్లంబర్‌ను తీసుకెళ్లాను. పాత కుళాయి దగ్గరే, నిలబడి ఉతుక్కునేలా 85 సెంటీమీటర్ల ఎత్తులో లోతైన సింకు, పాత డ్రైన్‌లోకే దాని పైపు. నైలాన్ తాడు చోట ఆవిడ భుజం ఎత్తులో మడిచే హ్యాంగరు. పాత మెషీన్ పాయింట్‌ను అలాగే ఉంచాం, చిన్న మెషీన్ కొంటే పనికొస్తుందని. సింకు బిగించేటప్పుడు ఎత్తు సరిపోయిందా అని ఆవిడను నిలబెట్టి అడిగితే, చేతులు లోపల పెట్టి చూసి, "ఇంకో అంగుళం దించవయ్యా" అన్నారు ప్లంబర్‌తో. దించాడు.